సంత రోజు పాఠం: సిరొంచ వాచనాలయాల్లో ఆన్‌లైన్ శిక్షణ

గ్రంథాలయ సిబ్బందికి ఇంటర్నెట్‌లో శిక్షణ దొరకడం లేదంటే ఇవాళ ఎవరూ ఒప్పుకోరు. దొరుకుతోంది, చాలావరకు ఉచితంగానే దొరుకుతోంది. మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకాలో నన్ను వేధించిన ప్రశ్న వేరు. ఫోన్లో చూసిన పాఠం వాచనాలయం (ఊరి గ్రంథాలయం) అల్మారా దాకా ఎందుకు రావడం లేదు? ఆ ప్రశ్న పట్టుకుని ఇక్కడి చిన్న వాచనాలయాల గ్రంథపాల్‌లు (లైబ్రేరియన్లు) కొందరితో కలిసి చేసిన పని ఇది. ఇలాంటి ఊళ్లలో ఇదే పని తలపెట్టేవాళ్లకు పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

ముందు చోటు సంగతి. ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే దగ్గర మా సిరొంచ. అవతలి ఒడ్డున కాళేశ్వరం. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, అడవి వైపు ఊళ్లలో గోండి, మాడియా. జిల్లా కేంద్రానికి రెండు వందల కిలోమీటర్ల పైమాటే. శిక్షణ శిబిరం ఎక్కడ పెట్టినా గడ్చిరోలిలోనో, చంద్రపూర్‌లోనో, నాగపూర్‌లోనో పెడతారు. ఒక్కరే నడిపే వాచనాలయం నుంచి ఆ ఒక్కరూ వెళ్తే తలుపులు మూసుకోవాల్సిందే. అందుకే మాకు ఆన్‌లైన్ తప్ప దారి లేదు.

నది దాటితే పద్ధతి మారిపోతుంది. తెలంగాణలో 1960 నాటి చట్టం కింద ఇంటి పన్ను మీద గ్రంథాలయ సెస్సు వసూలవుతుంది, జిల్లా గ్రంథాలయ సంస్థ శాఖలను నడుపుతుంది. మహారాష్ట్రలో 1967 చట్టం ప్రకారం ఊరి వాచనాలయాన్ని ఊళ్లోని రిజిస్టర్డ్ సంఘం నడుపుతుంది, సర్కారు అనుదాన్ (గ్రాంటు) ఇస్తుంది. అనుదాన్ ఎంత రావాలో వర్గం చెబుతుంది: అ, బ, క, డ. పుస్తకాల సంఖ్య, వచ్చే పత్రికలు, తెరిచి ఉంచే గంటలు అన్నీ చూసి వర్గం ఇస్తారు. మా ఊళ్లలో ఎక్కువ క, డ వర్గాలే. గ్రంథపాల్ అంటే ఊడ్చేది, పేపర్లు పరిచేది, వర్గణి (చందా) వసూలు చేసేది, తపాసణీకి (తనిఖీకి) కాగితాలు సిద్ధం చేసేది అన్నీ ఒకే మనిషి. చేతికొచ్చేది మానధనమే (గౌరవ వేతనమే), ఇల్లు గడవాలంటే సేద్యమో కుట్టుపనో పక్కన ఉండాలి. ఈ లెక్క తెలియకుండా తయారైన ఏ శిక్షణా ఇక్కడ నిలవదు.

2020 లాక్‌డౌన్‌లో వెబినార్లు వెల్లువలా వచ్చాయి. చివర్లో ఫీడ్‌బ్యాక్ ఫారం నింపితే మెయిల్‌కు సర్టిఫికెట్ వచ్చేసేది. మాలో ఒక గ్రంథపాల్ ఫోన్లో అలాంటివి కుప్పలుగా ఉన్నాయి. కానీ ఆమె దాఖల్ రిజిస్టర్ (వచ్చిన ప్రతి పుస్తకాన్నీ ఎక్కించేది) తెరిస్తే తెలుగు పుస్తకాల వరుసలో పేజీలకు పేజీలు దేవనాగరిలో 'తెలుగు పుస్తక్' అనే మాటే ఉంది. పుస్తకం పేరు లేదు, రచయిత పేరు లేదు. ఆమె మాతృభాష తెలుగే, చదువంతా మరాఠీ మీడియంలో. అక్షరాలు కూడబలుక్కుని చదవగలదు, రాయడం అలవాటు లేదు. ఆమె చూసిన వెబినార్లలో డిజిటల్ లైబ్రరీ, బిగ్ డేటా, కృత్రిమ మేధ అన్నీ వచ్చాయట. తన రిజిస్టర్‌లోని ఈ ఖాళీని పూరించే మాట మాత్రం ఒక్కదాంట్లోనూ రాలేదు.

కాబట్టి మేం కోర్సుల జాబితాతో మొదలుపెట్టలేదు. వాచనాలయంలో పని ఎక్కడ ఆగిపోతోందో ఒక్కొక్కరినీ అడిగాం. మూడు మాటలు అందరి నోటా వచ్చాయి. తెలుగు పుస్తకం అడిగితే ఉందో లేదో చెప్పలేకపోతున్నాం. పోలీస్ భర్తీకి (ఉద్యోగ నియామకానికి) చదివే పిల్లలు పాత గైడ్లు చూసి తప్పులు నేర్చుకుంటున్నారు. చిన్నపిల్లలు వస్తారు, పది నిమిషాల్లో వెళ్లిపోతారు. ఆ తర్వాతే ఈ మూడింటికి పనికొచ్చే పాఠాల కోసం వెతికాం.

వెతికినప్పుడు తేలిన సంగతి కొంత చెప్పాలి. పబ్లిక్ లైబ్రరీ సిబ్బంది కోసమే ఉన్నవాటిలో వెబ్‌జంక్షన్ అన్నిటికంటే విస్తృతమైనది. అమెరికాలోని ఓసీఎల్‌సీ అనే గ్రంథాలయాల సహకార సంస్థ 2003 నుంచి నడుపుతోంది. ఖాతా తెరిస్తే కోర్సులు ఉచితం, పాత వెబినార్ల రికార్డింగులూ స్లైడ్లూ ఉంటాయి. అంతా ఇంగ్లీషే, ఉదాహరణలన్నీ అమెరికావే. ప్రత్యక్ష ప్రసారం చూద్దామంటే వాళ్ల మధ్యాహ్నం మనకు అర్ధరాత్రి, రికార్డింగ్ తప్ప గతి లేదు. మన దేశంలో 2017లో మొదలైన కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక 'స్వయం'లో లైబ్రరీ సైన్స్ కోర్సులు ఉన్నాయి. పాఠం ఉచితమే గానీ సర్టిఫికెట్ కావాలంటే ఫీజు కట్టి పరీక్షా కేంద్రానికి వెళ్లి రాయాలి. ఇగ్నో (ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం) పాఠ్యపుస్తకాలు దాని ఆన్‌లైన్ భాండాగారం ఈజ్ఞానకోశ్‌లో ఎవరైనా దించుకోవచ్చు. మరాఠీ మీడియంలో చదివినవాళ్లకు నాసిక్‌లోని యశ్వంత్‌రావ్ చవాన్ సార్వత్రిక విశ్వవిద్యాలయం మరాఠీలోనే గ్రంథాలయ శాస్త్రంలో డిగ్రీ ఇస్తుంది. ఐఐటీ బొంబాయి వాళ్ల స్పోకెన్ ట్యుటోరియల్‌లో లిబ్రే ఆఫీస్ (ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్), కోహా (గ్రంథాలయ సాఫ్ట్‌వేర్) పాఠాలు చిన్న చిన్న వీడియోలుగా ఉన్నాయి, భారతీయ భాషల్లోకి డబ్బింగ్ చేసినవీ ఉన్నాయి. వీటన్నిటిలో మా పనికి అన్నిటికంటే అక్కరకొచ్చింది ఈ చివరిదే. వీడియో ఒక పక్క, మన ఫైలు ఇంకో పక్క పెట్టుకుని, ఆపుతూ చేసుకుంటూ పోవాలన్నది ఆ పాఠాల పద్ధతి. దించుకుని పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుంటే నెట్ లేకపోయినా నడుస్తాయి.

అందరూ సిరొంచకు ఎలాగూ వచ్చేది సంత రోజు. అందుకే పాఠాన్ని సంతకు కట్టేశాం. ఉదయం ఒక గంటన్నర అందరూ ఒకేచోట కూర్చుని వీడియో చూస్తారు. ఇంగ్లీషు పాఠమైతే నేను ముందే స్లైడ్లు చదివి, అక్కడక్కడ ఆపి తెలుగులోనూ మరాఠీలోనూ చెబుతాను. వెళ్లేటప్పుడు ఒక్కొక్కరికీ వాళ్ల అల్మారా మీద చేసే ఒక పని ఉంటుంది. మళ్లీ సంతకు వచ్చేటప్పుడు ఫోన్లో దాని ఫోటో తేవాలి. ఫోటో లేకపోతే కొత్త పాఠం లేదు, పాతదే మళ్లీ. ఈ నియమం నాది కాదు, వాళ్లలో పెద్దావిడ పెట్టింది.

దీనికంటే ముఖ్యమైనది కార్యకారిణి (వాచనాలయం కమిటీ) ఠరావు (తీర్మానం). సంత రోజు ఆ గంటన్నరా, ఆ వారం అల్మారా మీద చేయాల్సిన పనికి పట్టే సమయమూ గ్రంథపాల్ పనివేళల్లో భాగమేనని ప్రతి వాచనాలయం కార్యకారిణి రాసి సంతకం చేసింది. అంతర్జాతీయ గ్రంథాలయ సమాఖ్య ఇఫ్లా 2016 మార్గదర్శకాల్లో సిబ్బంది పనిగంటల్లో దాదాపు 10 శాతం నేర్చుకోవడానికి వదలాలని, సిబ్బంది బడ్జెట్‌లో 0.5 నుంచి 1 శాతం దానికి కేటాయించాలని ఉంది. ఆ పేజీని మరాఠీలో చెప్పి కమిటీల ముందు పెట్టాం. డబ్బు మాట ఎక్కడా సాగలేదు. సమయం మాట మాత్రం ఒప్పుకున్నారు. ఠరావుకు ముందు రాత్రిపూట వంట అయ్యాక ఫోన్లో పాఠం చూసేవాళ్లు, సగంలో నిద్రపోయేవాళ్లు. ఆన్‌లైన్ శిక్షణ గురించి నన్ను ఎవరు అడిగినా మొదట చెప్పేది ఈ కాగితం గురించే. ఏ కోర్సు మంచిదన్నది ఆ తర్వాతి మాట.

తెలుగు పుస్తకాల పని

ఇది మేం అన్నిటికంటే ఎక్కువ కాలం కూర్చున్న పని. లిబ్రే ఆఫీస్ కాల్క్ (ఎక్సెల్ లాంటిది) పాఠాల్లో వరుసలు, నిలువులు, క్రమంలో పేర్చడం (సార్ట్), ఫిల్టర్ దాకా చూసి ఆపేశాం. మా జాబితాకు అంతకుమించి అక్కర్లేదు. అందులో నిలువులు ఇవి: దాఖల్ నంబరు, పుస్తకం పేరు దాని సొంత లిపిలో, అదే పేరు దేవనాగరిలో, రచయిత పేరు, ఇంటిపేరు విడిగా, భాష, విషయాన్ని చెప్పే వర్గ సంఖ్య, ముద్రణ సంవత్సరం, అల్మారా. దేవనాగరి నిలువు ఎందుకంటే తపాసణీకి వచ్చే అధికారికి తెలుగు రాదు. తెలుగు నిలువు లేకపోతే చదివేవాళ్లకు ఉపయోగం లేదు. రెండూ ఉండాల్సిందే.

రాయడం రానివాళ్లు తెలుగులో టైపు చేయడం ఎలా? ఫోన్లో మైకు నొక్కి పేరు చదవమన్నాం. తెలుగు వాళ్ల నోట్లో ఉంది గదా. తెరమీద వచ్చినదాన్ని అట్ట మీది అక్షరాలతో ఒక్కొక్కటీ పోల్చి చూడాలి. 'కథ' అంటే 'కద' వస్తుంది, ణ బదులు న, ళ బదులు ల వస్తాయి. దిద్దాలి.

"అక్కా, గిండ్ల ఒత్తు తప్పు వచ్చింది. పుస్తకం మీద పెద్ద థ ఉన్నది, ఫోన్ల చిన్న ద వడ్డది," అని రిజిస్టర్‌లో 'తెలుగు పుస్తక్' అని రాసిన ఆవిడే ఒకరోజు పక్కావిడ ఫైలు దిద్దింది.

"నీకెట్ల తెలిసిందే?"

"దినాం గదే చూస్తున్న గదా అక్కా."

అట్టలు పోల్చుతూ పోల్చుతూ ఆమెకు తెలుగు చదవడం ఒంటబట్టింది. మేం పెట్టుకున్న పాఠాల్లో అది లేదు, కానీ ఈ మొత్తం పనిలో నాకు అన్నిటికన్నా విలువైన ఫలితం అదే.

ఒక వాచనాలయంలో పాత జాబితా కంప్యూటర్లోనే ఉంది. ఎన్నో ఏళ్ల కింద డీటీపీ సెంటర్లో అను ఫాంట్స్‌లో కొట్టించారు, మరాఠీ భాగం శ్రీలిపిలో. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు తప్ప ఏమీ కనబడవు. వెతికితే ఏదీ దొరకదు. యూనికోడ్‌లో ప్రతి తెలుగు అక్షరానికీ దాని సొంత సంకేతం ఉంటుంది, పాత ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరానికే తెలుగు బొమ్మ తొడుగుతారు. తేడా చూపించడానికి ఆ ఫైలునే తెరిచి పెట్టాం, వేరే వివరణ అక్కర్లేకపోయింది. కన్వర్టర్‌తో మార్చి, తప్పులు చేత్తో దిద్దుకున్నారు.

ఇక పేర్లు. సూచీ పాఠాల్లో చివరి పేరుని ముందు రాసి, కామా పెట్టి, తక్కినది రాయమంటారు. మరాఠీ పేర్లకు అది సరిగ్గా సరిపోతుంది: సొంత పేరు, తండ్రి పేరు, చివర ఇంటిపేరు. తెలుగు పేర్లలో ఇంటిపేరు ముందే ఉంటుంది. ఆ సూత్రాన్ని కళ్లు మూసుకుని వాడితే తెలుగు రచయితలంతా రావు, మూర్తి, శర్మ, రెడ్డి కింద పోగుపడతారు. కొందరి ఇంటిపేరు అట్ట మీద పొడి అక్షరంగానే ఉంటుంది. కొందరు కలం పేరుతోనే తెలుసు. చివరికి అట్ట మీద ఉన్నట్టే పేరు మొత్తం రాసి, ఇంటిపేరు తెలిస్తే పక్క నిలువులో వేయాలని, కలం పేరును విడగొట్టకూడదని నిర్ణయించుకున్నాం. పుస్తకాలను విషయాల వారీగా అంకెలతో విభజించే డ్యూయీ పద్ధతిలో తెలుగు సాహిత్యానికి 894.827, మరాఠీకి 891.46. మేం పుస్తకం వీపు మీద ఆ సంఖ్య వేసి, భాషకో రంగు పట్టీ అంటించాం. నంబరు చదవలేని పిల్లలు కూడా పట్టీ చూసి పుస్తకం సరైన అరలో పెడుతున్నారు.

కోహా పెట్టమని సలహా ఇచ్చినవాళ్లున్నారు. న్యూజిలాండ్‌లో పుట్టి 2000లో వాడకంలోకి వచ్చిన ఆ సాఫ్ట్‌వేర్ గొప్పదే, ఉచితమే, తెలుగు యూనికోడ్‌ను బాగా చూపిస్తుంది. కానీ దానికి సర్వర్ కావాలి, బ్యాకప్ చూసే మనిషి కావాలి. వెయ్యి పుస్తకాల డ వర్గం వాచనాలయానికి అది భారం. జాబితా యూనికోడ్‌లో శుభ్రంగా ఉంటే కోహాలోకైనా, కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐసీ వాళ్ల గ్రంథాలయ సాఫ్ట్‌వేర్ ఈ-గ్రంథాలయలోకైనా రేపు ఎక్కించుకోవచ్చు. జాబితాయే లేకుండా సాఫ్ట్‌వేర్ పెట్టుకున్న చోట్లు నేను చూశాను. కంప్యూటర్ మీద గుడ్డ కప్పి ఉంటుంది.

పాత గైడ్లు

పుస్తకాల ఏరివేత మీద వెబ్‌జంక్షన్ పాఠం ఉంది. టెక్సాస్ రాష్ట్ర గ్రంథాలయం వాళ్ల చేతిపుస్తకంలోని పద్ధతి ఇక్కడ ఆధారం. తీసేయాల్సిన పుస్తకానికి ఆరు గుర్తులు చెబుతారు: తప్పు సమాచారం ఇచ్చేది, బాగుచేయలేనంత పాడైనది, కొత్త ముద్రణ వచ్చేసినది, విలువ లేనిది, ఈ ఊరి అవసరానికి సంబంధం లేనిది, వేరేచోట తేలిగ్గా దొరికేది. మా వాళ్లు పాఠం వింటూనే అడ్డు చెప్పారు. "పుస్తకాలు తీసేస్తే లెక్క తగ్గుతది, లెక్క తగ్గితే వర్గం పోతది, వర్గం పోతే అనుదాన్ పోతది." అమెరికా పాఠంలో ఈ సంగతి ఉండదు. వాళ్ల భయం న్యాయమైనదే.

అయినా మొదటి గుర్తును వదిలేయలేం. ఇక్కడి యువకులకు పోలీస్ భర్తీ, ఎంపీఎస్సీ (మహారాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్) ఉద్యోగాలే పెద్ద ఆశ. ఒక అబ్బాయి సామాన్య జ్ఞానం గైడు తెచ్చి చూపించాడు. ఆంధ్రప్రదేశ్‌లో 23 జిల్లాలని ఉంది, రాజధాని హైదరాబాద్ అని ఉంది. నది అవతల కళ్ల ముందున్న కాళేశ్వరాన్ని ఇంకా ఆంధ్రప్రదేశ్‌లోనే చూపిస్తోంది. తెలంగాణ ఏర్పడింది 2014 జూన్ 2న. ఇంకో పుస్తకంలో జమ్మూ కశ్మీర్ రాష్ట్రం, మరోదాంట్లో వ్యాట్, సేవాపన్ను. జీఎస్టీ 2017 జూలైలో వచ్చింది. ఒక్క ప్రశ్న తప్పితే ఎంపిక జాబితాలోంచి జారిపోయే పరీక్షలకు ఈ పిల్లలు వీటితో చదువుతున్నారు.

మేం చేసింది ఇది. పోటీ పరీక్షల పుస్తకాలన్నిటికీ వీపు మీద ముద్రణ సంవత్సరం పెద్ద అంకెల్లో అంటించాం. పాతవాటిని విడి అరలోకి మార్చాం, పరీక్షకు వాడవద్దని బోర్డు రాసిపెట్టాం. గణితం, మరాఠీ వ్యాకరణం పుస్తకాలు పాతవైనా ఉంచాం, అవి చెడిపోవు. తర్వాత ఊళ్లో ఉద్యోగాలు వచ్చినవాళ్లను అడిగి వాళ్ల కొత్త గైడ్లు దానంగా తీసుకుని దాఖల్ చేశాం. కొత్తవి లెక్కలోకి వచ్చాకే పాతవాటి రద్దుకు కార్యకారిణి ఠరావు రాసి, నియమం ప్రకారం అనుమతికి పంపాం. ఏ నెలలోనూ సంఖ్య వర్గం గీత కిందికి దిగలేదు. పాఠం విని ఒకే విడతలో ఏరి పారేసి ఉంటే తపాసణీలో గ్రంథపాల్ మెడకు చుట్టుకునేది. బయటి పాఠం వినేటప్పుడు మన నియమావళి పక్కన తెరిచి ఉండాలన్నది ఇక్కడ అందరికీ బాగా నాటింది.

పిల్లల సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే దాన్ని ఇంకా సరిగా పట్టుకోలేదు. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో తెలుగు, మరాఠీ, గోండి కథలు స్వేచ్ఛా లైసెన్సుతో ఉన్నాయి, అచ్చు వేసుకోవచ్చు. కథ చదివి వినిపించడం మీద చూసిన వీడియోలు బాగున్నాయి. గోండి కథ చదివితే మా వైపు మాడియా పిల్లలకు కొన్ని మాటలు అందలేదు. అక్కడి ఒక అంగన్‌వాడీ సేవిక పక్కన కూర్చుని వాళ్ల మాటలో చెప్పాక పిల్లలు కదలకుండా విన్నారు. దీనికి ఆన్‌లైన్ పాఠం సగం పనే చేస్తుంది, మిగతా సగం ఊళ్లోని మనిషి చేయాలి.

ఆగిపోయినవి కూడా రాయాలి. వేసవిలో తునికాకు (బీడీ ఆకు) సేకరణ మొదలైతే పాఠం నడవదు. ఆ కొద్ది వారాల కూలీ చాలా ఇళ్లకు ఏడాది ఖర్చులో పెద్ద భాగం. మొదట్లో సెలవు పెట్టారని కమిటీలు విసుక్కున్నాయి, తర్వాత ఆ కాలాన్ని పాఠాల పట్టిక నుంచే తీసేశాం. వానల్లో నెట్‌వర్క్ పోతుంది, దించుకున్న వీడియోలతో నెట్టుకొచ్చాం. ఒకరు మధ్యలో మానేశారు, మానధనం కంటే చెన్నూరు వైపు మిర్చి పనిలో రోజుకు ఎక్కువ వస్తుందని. ఆమె నిర్ణయాన్ని నేను తప్పుపట్టలేను. శిక్షణ ఎంత బాగున్నా మానధనం సంగతి అది తేల్చదు, ఆ మాట పైవాళ్లకు రాస్తూనే ఉన్నాం.

సర్టిఫికెట్ల విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఉచిత కోర్సు సర్టిఫికెట్‌తో ఇక్కడ మానధనం పెరగదు, పదవీ మారదు. నియామకానికి లెక్కలోకి వచ్చేది గ్రంథాలయ శాస్త్రంలో గుర్తింపు ఉన్న ప్రమాణపత్రం, డిగ్రీ మాత్రమే. అందుకే వయసులో చిన్నవాళ్లు, డిగ్రీ ఉన్నవాళ్లు ఇద్దరిని ఉచిత కోర్సుల వెంట తిప్పకుండా నేరుగా నాసిక్ విశ్వవిద్యాలయం కోర్సుకు దరఖాస్తు చేయించాం. వాళ్లు సంత రోజు జాబితా పని చేసి ఉండటంతో సూచీకరణ పాఠం అర్థం చేసుకోవడం తేలికైందని చెబుతున్నారు. పెద్దవాళ్లకు సర్టిఫికెట్ ఊసే ఎత్తలేదు. వాళ్ల పేరుతో ఒక్కో ఫైలు పెట్టి, చేసిన పని ఫోటోలు, ఠరావు నకలు, జాబితా అచ్చు అందులో ఉంచాం. తపాసణీలో అదే చూపించారు.

వచ్చే విడతకు తీసుకున్నది రిజిస్టర్ల రక్షణ. 2022 జూలైలో గోదావరి వరద ఈ తాలూకాను ముంచెత్తినప్పుడు పుస్తకాల కంటే ఎక్కువ గుబులు పుట్టించింది దాఖల్ రిజిస్టర్లే. పుస్తకం పోతే మళ్లీ కొనొచ్చు, రిజిస్టర్ పోతే వాచనాలయం దగ్గర ఏముండేదో రుజువే ఉండదు. ప్రతి పేజీనీ ఫోన్‌తో స్కాన్ చేసి, ఒక నకలు క్లౌడ్‌లో, ఇంకో నకలు పెన్‌డ్రైవ్‌లో ఎత్తు మీదున్న వేరే ఊరి వాచనాలయంలో పెట్టాలని అనుకున్నాం. పాఠం చెప్పేది ఈసారి నేను కాదు. ఫోన్లో సర్టిఫికెట్లు దాచుకున్న ఆవిడే చెబుతానంది. తునికాకు పని అయిపోయి, వానలు ఇంకా పట్టుకోని జూన్ మొదటి సంతకు ముహూర్తం పెట్టుకున్నాం. రిజిస్టర్లు వెంట తీసుకురమ్మని అన్ని ఊళ్లకూ కబురు వెళ్లింది.